పొద్దున కోత, సాయంత్రం ఇల్లు

దవడ సరిచేసే ఆపరేషన్‌కి తారీఖు ఖాయమైన ఇంట్లో ముందుగా తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. అయిన రోజు సాయంత్రమే ఇంటికి తెచ్చేసుకోవాలా, రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచాలా? ఈ మాట పొరపాటున కూడా సర్జన్‌నో, మత్తు డాక్టర్‌నో అడక్కండి. కోసేది ఒక దవడా రెండు దవడలా, పేషెంటు గురక పెడతాడా, ఇల్లెంత దూరం, రాత్రంతా పక్కన మెలకువగా ఉండేదెవరు అంటూ లేనిపోని ఆరాలు తీస్తారు. అంత ఓపిక మనకెక్కడిది? ఇంట్లో మేనమామ ఉన్నాడు. కింది ఫ్లాట్‌లో మెడికల్ షాపాయన ఉన్నాడు. డాలస్‌లో బాబాయి కొడుకు ఉన్నాడు. ముగ్గురినీ ఒక వాట్సాప్ గ్రూపులో వేసి, మెజారిటీ ఎటుంటే అటు వెళ్ళండి.

గ్రూపు పెట్టగానే చేయాల్సిన పని ఆపరేషన్‌ని చిన్నది చేసి మాట్లాడటం. "పళ్ళ డాక్టర్లే కదా చేసేది, పన్ను పీకించుకుని ఆటోలో ఇంటికి రావడంలా?" అని మేనమామ చేత అనిపించండి. కోతలన్నీ నోటి లోపలే కనక, బయటికి కుట్టు కనపడదు కనక, ఈ మాట ఎవరూ కాదనలేరు. లోపల జరిగేది మాత్రం చెప్పకండి. ముక్కులోంచి గొట్టం దించి పూర్తి మత్తు ఇస్తారు. పై దవడ ఎముకను అడ్డంగా కోసి పైనున్న ఎముకల నుంచి విడదీస్తారు. కింది దవడను రెండు వైపులా పొరలు విడిపోయేట్టు చీలుస్తారు. కొన్ని మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిపి టైటానియం ప్లేట్లు, స్క్రూలు బిగిస్తారు. రెండు దవడలూ కలిపి చేస్తే గంటల పని. పై దవడ కోతకు పేరిచ్చిన లె ఫోర్ట్ అనే ఫ్రెంచి సర్జన్, శవాల తలల మీద దెబ్బలు వేసి ముఖం ఎముకలు ఏ గీతల వెంట పగులుతాయో చూసి 1901లో రాసి పెట్టాడు. కింది దవడ చీల్చే పద్ధతిని 1957లో ట్రౌనర్, ఓబ్‌వెగెసర్ ప్రకటించారు. అప్పట్లో ఎముక అతికేదాకా పై పళ్ళనూ కింది పళ్ళనూ కలిపి తీగలతో కట్టేసి వారాల తరబడి ఉంచేవాళ్ళు. ప్లేట్లు వచ్చాక చాలామందికి ఆ బాధ తప్పింది, రబ్బరు బ్యాండ్లతో సరిపోతోంది. సాయంత్రానికే ఇంటికి అన్న మాట ఇవాళ వినపడుతోందంటే ఆ ప్లేట్ల వల్లా, మత్తుమందులు మెరుగుపడటం వల్లా. అంతేగాని ఆపరేషన్ చిన్నదైపోయి కాదు. ఈ చివరి వాక్యం గ్రూపులో పెట్టకండి.

డాలస్ తమ్ముడు ఎలాగూ వాయిస్ మెసేజ్ పెడతాడు. "ఇక్కడైతే సాయంత్రమే పంపించేస్తారక్కా, మీ దగ్గర హాస్పిటల్ వాళ్ళు బిల్లు కోసం ఉంచుకుంటారు." అతను చెప్పినదాంట్లో సగం నిజం. అమెరికాలో చాలాచోట్ల ఒక్క దవడే చేయించుకున్న, వేరే జబ్బులేమీ లేని కుర్రవాళ్ళని అదే రోజు ఇంటికి పంపడం మామూలే. రెండు దవడలూ చేస్తే మాత్రం అక్కడా చాలామందిని ఆ రాత్రికి ఉంచుకుంటారు. పంపేటప్పుడు కూడా వెంట పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా, మొదటి 24 గంటలూ వదలకుండా ఉంటారా అని అడిగి మరీ పంపుతారు. మంచం ఖరీదూ, బీమా కంపెనీ ఒత్తిడీ కూడా అక్కడి తొందరలో ఉన్నాయి. తమ్ముడి మెసేజ్‌లో ఇవేవీ లేవు. అదే దాని బలం. అలాగే ఫార్వర్డ్ చేయండి.

ఇక మన బీమా. అమెరికాలో బీమా కంపెనీ మనిషిని బయటికి తోస్తే, మన దగ్గర లోపలే కూర్చోబెడుతుంది. మన పాలసీల్లో ఆసుపత్రిలో చేరడమంటే మామూలుగా కనీసం 24 గంటలు ఉండాలి, డే కేర్ కింద వచ్చే చికిత్సలకు మాత్రం ఆ నియమం లేదు. కాబట్టి పేషెంటు ఎలా ఉన్నా గడియారం చూసి నిర్ణయించండి. 23 గంటలప్పుడు చక్కగా నడుస్తూ జ్యూస్ తాగుతున్నా కదలనివ్వకండి. 25వ గంటలో వాంతులవుతున్నా బట్టలు సర్దేయండి. అసలు ఈ ఆపరేషన్‌కి మీ పాలసీ పైసా అయినా ఇస్తుందా అని ముందుగా కనుక్కోవడం అపశకునం. చాలా పాలసీలు ప్రమాదంలో తగిలిన దెబ్బకైతే తప్ప పళ్ళ చికిత్సకు ఇవ్వవు. అందం కోసం చేయించుకునేదానికీ ఇవ్వవు. దవడ ఆపరేషన్‌ని ఈ రెండు సాకుల్లో ఏదో ఒక దానికిందికి తోసేయడం క్లెయిముల ఆఫీసులో కష్టమైన పనేమీ కాదు. నమలలేకపోతోంది, పళ్ళు కలవడం లేదు, నిద్రలో ఊపిరి ఆగుతోంది అని ఎక్స్‌రేలతో సహా డాక్టర్ ముందే రాసిచ్చిన కాగితం ఉంటే వాదించడానికి కాస్త ఆధారం దొరుకుతుంది. ఆ కాగితం ముందు అడక్కండి. డిశ్చార్జ్ రోజు కౌంటర్ దగ్గర గొంతు పెంచితే చాలు.

గది విషయంలో డీలక్స్‌కి తగ్గకండి. పాలసీలో గది అద్దెకు పరిమితి ఉంటే, అంతకు మించిన గది తీసుకున్నప్పుడు అద్దె తేడా ఒక్కటే మనమీద పడుతుందనుకుంటాం. చాలా పాలసీల్లో సర్జన్ ఫీజు, థియేటర్ ఖర్చు లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. సోఫా బావుంటుంది లెండి.

సాయంత్రం 5కి ఇల్లు చేరాలనుకుంటే 5కే డిశ్చార్జ్ అడగండి. ఆసుపత్రి నుంచి బిల్లు వెళ్ళిన 3 గంటల్లో బీమా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. అంటే వాళ్ళు నియమం తప్పకపోయినా 8 అవుతుంది. ఈలోగా గది ఖాళీ చేసి, ముక్కుకింద దూది పెట్టుకున్న పిల్లని బిల్లింగ్ కౌంటర్ ముందు ఇనుప కుర్చీలో కూర్చోబెట్టండి. రాహుకాలం, వర్జ్యం చూసుకోవడానికి కూడా ఆ వ్యవధి పనికొస్తుంది. మంగళవారమో అమావాస్యో అయితే మాత్రం పేషెంటు గుర్రంలా ఉన్నా ఇంకో రోజు గది అద్దె కట్టండి.

ఇంటికి పంపవచ్చా లేదా అని చూడటానికి ఆసుపత్రుల్లో మార్కులు వేసే పద్ధతి ఒకటుంది. టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ బృందం తయారుచేసి 1995లో ప్రకటించింది. బీపీ, నాడి నిలకడగా ఉన్నాయా, తూలకుండా నడుస్తున్నారా, వికారం వాంతులు ఎంత, నొప్పి ఎంత, రక్తం ఎంత పోతోంది అన్న అయిదు అంశాలు, ఒక్కోదానికి 2 మార్కులు. పదికి 9 వస్తేనే పాస్. ఇంటర్మీడియట్ 35తో గట్టెక్కిన జాతి మనది. పదికి నాలుగొచ్చినా ఫస్టు క్లాసే అని నర్సుకి నచ్చజెప్పండి.

ఆ మార్కులు కూడా ఎప్పుడు వేయించాలో తెలిసుండాలి. ఆపరేషన్ పొద్దున అయితే సాయంత్రం 4, 5 గంటల మధ్య వేయించండి. అప్పుడు పేషెంటు బ్రహ్మాండంగా ఉంటాడు. నొప్పి లేదంటాడు, బొటనవేలు ఎత్తి చూపిస్తాడు. ఎందుకంటే థియేటర్లో దవడ నరాల దగ్గర ఇచ్చే బుపివకెయిన్ లాంటి మందు చాలా గంటలు మొద్దుబారుస్తుంది. అది దిగేసరికి రాత్రవుతుంది, అప్పటికి మీరు ఇంట్లో ఉంటారు. వాపు సంగతీ అంతే. స్టెరాయిడ్ ఇంజక్షన్ కొంత అణచిపెడుతుంది. అసలు వాపు రెండో రోజూ మూడో రోజూ శిఖరానికి చేరుతుంది. మొదటి సాయంత్రం ఫొటో తీసి "చూశారా, ఏమీ వాపే లేదు" అని స్టేటస్ పెట్టండి. మూడోనాటి ముఖం చూసి ఎవరైనా "ఇంత వాచిందేమిటి, ఏదో తేడా కొట్టింది" అంటే ఆసుపత్రిని తిట్టడానికి ఆ స్టేటస్ సాక్ష్యంగా పనికొస్తుంది.

వాంతుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఇంటికెళ్ళిన వాళ్ళు మళ్ళీ వెనక్కి పరిగెత్తుకు రావడానికి అదొక ముఖ్యమైన కారణం కనక. మత్తు దిగాక వాంతులు ఎవరికి రావచ్చో అంచనా వేసే లెక్కని ఆప్‌ఫెల్ అనే డాక్టర్ 1999లో ఇచ్చాడు. ఆడవాళ్ళు కావడం, పొగ తాగని వాళ్ళు కావడం, బస్సెక్కితేనో వెనకటి ఆపరేషన్‌లోనో వాంతులైన అలవాటు, ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ జాతి నొప్పిమందులు పడటం. నాలుగూ ఉంటే పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి, ఏదీ లేకపోతే ఒక్కరికి. దవడ ఆపరేషన్‌లో దీనికి తోడు మింగిన రక్తం కడుపులో చేరి తిప్పుతుంది. ఈ లెక్క చదివిన మేనమామ, అమ్మాయికి ముందుగా ఓ నెల సిగరెట్ అలవాటు చేస్తే సరి అని తేల్చగలడు. పొగ పుండు మాననివ్వదు, ఎముక అతకనివ్వదు అని సర్జన్ అంటాడు. ఎవరి మాట వినాలో గ్రూపులో ఓటు పెట్టండి.

అలాంటి అమ్మాయిని హైదరాబాద్‌లో కోయించి అదే సాయంత్రం విజయవాడ హైవే ఎక్కించండి. ఇల్లు ఆసుపత్రికి గంట దూరం లోపే ఉండాలని డే కేర్ వాళ్ళు చాలామంది అంటారు, కానీ సొంత కారు ఉన్నవాళ్ళకు దూరమేమిటి? వెనక సీట్లో వెల్లకిలా పడుకోబెట్టండి. నిజానికి వాంతి వస్తే లేపి కూర్చోబెట్టి తల ముందుకు వంచాలి. కడుపులో ఉన్నది ద్రవమే కనక రబ్బరు బ్యాండ్లున్నా పళ్ళ సందుల్లోంచీ బుగ్గల పక్కలనుంచీ బయటికి వచ్చేస్తుంది. బ్యాండ్లు తెంచాల్సి వస్తే చిన్న కత్తెర, తీగలు కట్టి ఉంటే వాటిని కోసే కట్టర్ చేతికందేలా ఉండాలి. ఏ బ్యాండు ఎక్కడ తెంచాలో నర్సు ముందే చూపిస్తుంది, ఆ సమయంలో మీరు పార్కింగ్ టికెట్ వెతుక్కుంటూ ఉండండి. కత్తెర డిక్కీలో, సూట్‌కేస్ అడుగున, చీరల కింద భద్రంగా పెట్టండి. నకిరేకల్ దాటాక అవసరం పడితే దిగి వెతకవచ్చు.

గురక పెట్టేవాళ్ళకి ప్రత్యేక సలహా. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకి రెండు దవడలనూ ముందుకు జరిపే ఆపరేషన్ ఒకటుంది. గాలి దారి వెడల్పవుతుంది, చాలామందికి జబ్బు బాగా తగ్గుతుంది. కాబట్టి ఆ రాత్రి నుంచే గురక పోయినట్టు లెక్కేసుకుని ఒంటరి గదిలో పడుకోబెట్టి తలుపు వేసేయండి. దారి వెడల్పు కావడానికి ముందు వాపుతో ఇరుకవుతుందనీ, నిద్రమందులూ మార్ఫిన్ జాతి మందులూ ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయనీ, అందుకే ఇలాంటి వాళ్ళని వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉంటారనీ మీకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇంట్లో మొదటి రాత్రి. కాపలాకి బామ్మని నియమించండి, ఆవిడకి ఎలాగూ నిద్ర పట్టదంటారు. కళ్ళద్దాలు లేకుండా రక్తానికీ చొంగకీ తేడా తెలియకపోవడం ఆవిడ అదనపు అర్హత. తల ఎత్తుగా పెట్టుకుంటే వాపు తగ్గుతుంది, ఊపిరి తేలికవుతుంది అని చెప్పి ఉంటారు కనక దిండ్లన్నీ తీసేయండి. పై దవడ కోసినవాళ్ళకు ముక్కు దిబ్బడ వేస్తుంది, నోటికేమో బ్యాండ్లు, దాంతో ఊపిరాడటం లేదని కంగారు పడతారు. పక్కన కూర్చుని నెమ్మదిగా పళ్ళ సందుల్లోంచి గాలి తీసుకోమని ధైర్యం చెప్పే మనిషి ఉంటే ఆ కంగారు చాలావరకు సర్దుకుంటుంది. మీరు అలా చేయక, "గట్టిగా చీదు నాయనా" అనండి. చీదితే లోపలి కోతల్లోంచి గాలి బుగ్గల చర్మం కిందికి ఎక్కి ముఖం ఇంకా ఉబ్బుతుంది, మర్నాడు పలకరింపుకొచ్చే వాళ్ళకి చూడటానికి ఏదో ఒకటి ఉండాలిగా.

తిండి దగ్గరికొద్దాం. ఇక్కడ మన పథ్యం జ్ఞానమంతా బయటికి తీయండి. "పప్పు పెడితే చీము పడుతుంది" అన్నది ఎదురులేని శాస్త్రం. పలచటి పప్పుకట్టులో మాంసకృత్తులు ఉన్నాయనీ, ఎముక అతకడానికి అవే కావాలనీ డైటీషియన్ అంటే, ఆమెకి పెళ్ళయిందా అని అడగండి. నీళ్ళు తాగితే కుట్లు నానిపోతాయని చెప్పి దాహంతో ఉంచండి. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తుంటే ఎంత తాగారన్నది పెద్ద విషయం కాదు, ఇంటికొచ్చాక లోటంతా నోటితోనే పూడ్చుకోవాలి. సిరంజికి రబ్బరు గొట్టం తగిలించి మజ్జిగ, కొబ్బరినీళ్ళు, రాగి జావ గంట గంటకీ కొద్దికొద్దిగా ఇస్తూ పోవాలి. అంత తీరిక లేనివాళ్ళు ఒక్కసారే పెద్ద గ్లాసుడు పట్టించి వాంతి చేయించవచ్చు. జావ పొగలు కక్కుతూ ఉండాలి. కింది దవడ ఎముక లోపలినుంచి పోయే నరం కదిలి, కింది పెదవీ గడ్డమూ కొన్ని వారాలో నెలలో మొద్దుబారి ఉంటాయి. కాలినా తెలియదు, గిన్నె ఖాళీ అయిపోతుంది.

సాయంత్రం ఇంటికొచ్చినవాడు ఖాళీగా ఉన్నాడు కదా అని పొలం కాగితాల మీద సంతకాలు పెట్టించే పనీ ఆ రాత్రే ముగించండి. మత్తు తీసుకున్నాక 24 గంటలు బండి నడపకూడదు, ముఖ్యమైన పత్రాల మీద సంతకం చేయకూడదు అంటారు. అన్నదమ్ముల పంపకానికి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

ఆసుపత్రిలోనే ఉంటాం అనే బుద్ధిమంతులు తప్పించుకున్నామని సంబరపడక్కర్లేదు, ఉండి కూడా ఆ ఉండటాన్ని వృథా చేసే మార్గాలు బోలెడు. రాత్రి రెండింటికి నర్సు వచ్చి బీపీ చూస్తుంటే "నిద్ర చెడగొడుతున్నారు" అని వెనక్కి పంపండి. ఆ మనిషి అలా వచ్చి చూడటానికే మీరు గది అద్దె కడుతున్నారు, ఆ సంగతి మరిచిపోండి. పేషెంటు మాట్లాడలేడు కనక పలకా బలపమో, కాగితం పెన్నో ఇవ్వాలి. ఇవ్వకండి, సైగలు చూసి నవ్వుకోవచ్చు. బెల్లు మంచం వెనక్కి పడేయండి. పొద్దున్నే లేపి వరండాలో నాలుగడుగులు వేయించమంటారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. "ఆపరేషన్ అయిన మనిషిని నడిపిస్తారా!" అని గోల చేయండి. పరామర్శకి ఊరి నుంచి ట్రాక్స్ వేసుకుని పద్నాలుగు మంది వస్తారు, ఒక్కొక్కరూ ఆపిల్ పళ్ళూ బ్రెడ్డూ తెస్తారు. దవడలు బిగించి ఉన్న మనిషి ముందు కూర్చుని అవి తినాల్సిన బాధ్యత మీ మీద పడుతుంది. "డబ్బు కట్టాం కదా, మూడ్రోజులు ఉందాం" అనేవాళ్ళూ ఉన్నారు. తాగగలుగుతూ, నడవగలుగుతూ, మాత్రలతో నొప్పి ఆగుతున్న మనిషికి ఆసుపత్రిలో అదనంగా దొరికేది బిల్లూ, పక్క గదుల దగ్గూ, తలనొప్పీ. అయినా ఉండండి, సోఫా బావుందని ముందే చెప్పాను.

పెళ్ళిచూపులు రెండో వారంలో పెట్టుకోండి. పెద్ద వాపు తగ్గడానికే కొన్ని వారాలు పడుతుంది, మిగిలింది తీయడానికి నెలలు. మెత్తటి తిండి ఆరు వారాల దాకా తప్పదు, కాబట్టి అవతలివాళ్ళు పెట్టిన జంతికలు అమ్మాయి ముట్టదు. బిడియం అనుకుంటారు.

చివరగా, ఏ రోజు ఇంటికొచ్చినా సరే, గుమ్మం దాటగానే ఆసుపత్రితో రుణం తీరిపోయిందనుకోండి. మొదటి రోజుల్లో దిండు మీద పడే పలచటి ఎర్రమరకలు మామూలే. ఆగకుండా కారే తాజా రక్తం మామూలు కాదు. పై దవడ కోసినవాళ్ళలో అది అరుదుగా వారం, రెండు వారాలు గడిచాక కూడా ముక్కులోంచి రావచ్చు, అప్పుడు ఏ రాత్రయినా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. ఎవరికి ఫోన్ చేయాలో డిశ్చార్జ్ కాగితం మీద రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని క్లెయిము ఫైల్లో కుట్టేసి బీమా ఆఫీసుకి పంపేయమనే నా సలహా.

ఇన్ని చెప్పానుగా, ఒక్కటి మాత్రం నా మాట కాదనుకుని వినండి. ఆ నంబరు ముందు మీ ఫోన్‌లో ఎక్కించుకోండి, రాత్రి పక్కన కూర్చునే మనిషి ఫోన్‌లో కూడా.